రెండో చేతికి టేపు వేసిందెవరు?

మొగుడు పోయి రెండు రోజులైనా ఆ అమ్మాయి కంట నీటిచుక్క లేదని అపార్ట్‌మెంట్ అంతా గుసగుసలు. ఎదురింటావిడ అడక్కుండానే వచ్చి కానిస్టేబుల్ జానయ్య చెవిలో ఆ ముక్క వేసి వెళ్ళింది. పై ఫ్లాటాయన లిఫ్ట్‌లో అదే మాట చెప్పాడు. ఏడవని ఆడదాన్ని చూస్తే లోకానికి ఎందుకో అంత కడుపుమంట.

ఇన్‌స్పెక్టర్ నాగేశ్వరికి ఆ మాట కొత్త కాదు. కిందటి ఎండాకాలంలో ఆమె భర్త బాటసింగారం నుంచి బండి మీద వస్తూ లారీ కింద పడి పోయాడు. దినాలు కాగానే ఆమె యూనిఫాం వేసుకుని ఎల్బీనగర్ స్టేషన్‌కు వెళ్ళి కూర్చుంది. రాతిగుండె అన్నారు. గుండె రాయి కాలేదు, ఏదీ అందులోకి దిగడం మానేసిందంతే. అన్నం తింటోంది, పడుకుంటోంది, దొంగల్ని పట్టుకుంటోంది. దేని రుచీ తెలియడం లేదు.

అందుకే దిల్‌సుఖ్‌నగర్‌లోని ఆ చిన్న ఫ్లాట్‌లో సింధు ఎదురుగా కుర్చీ వేసుకున్నప్పుడు, ఈ పిల్ల ఎప్పుడు ఏడుస్తుందా అని ఆమె ఎదురుచూడలేదు.

"ఆదివారం నీ భర్త ఇంట్లకెళ్ళి ఎప్పుడు పోయిండు?"

"సాయంత్రమండి. ఐదు అయ్యుంటుంది."

"నువ్వు?"

"ఇంట్లోనే ఉన్నాను."

"ఏం చేసినవ్?"

"బట్టలు మడతపెట్టాను."

చిన్నపిల్ల ఎక్కం అప్పజెప్పినట్టు చెబుతోంది. గొంతులో ఎత్తూ లేదు, పల్లమూ లేదు.

సింధు, ఆమె భర్త ప్రసన్నకుమార్ ఇద్దరూ 'పాలపుంత శాటిలైట్స్' అనే ప్రైవేటు కంపెనీలో ఇంజనీర్లు. సరిహద్దును ఆకాశం నుంచి కనిపెట్టి చూసే మూడు ఉపగ్రహాలు చేసి పెట్టమని సైన్యం ఆ కంపెనీతో ఒప్పందం రాసుకుంది. మొదటిది తయారై ఎల్బీనగర్ వర్క్‌షాప్‌లో ప్రయోగానికి సిద్ధంగా ఉంది. సోమవారం పొద్దున అదే వర్క్‌షాప్‌లో, ఉపగ్రహపు భాగాలు దాచే చిన్న గదిలో ప్రసన్నకుమార్ శవమై కనిపించాడు. అనుమానాస్పద మృతి అని కేసు రాశారు. మధ్యాహ్నానికల్లా ఇంకో పిడుగు పడింది. ఉపగ్రహానికి ఆజ్ఞలిచ్చే రహస్య సంకేతాలు సింధు లాప్‌టాప్ నుంచి బయటికి పోయాయని, మొగుడూ పెళ్ళాలు కలిసి అమ్ముకున్నారని, భయపడి అతను ప్రాణం తీసుకున్నాడని తేల్చేశారు. తేల్చింది ఉపేంద్ర. సైన్యం తరఫున ఈ ఒప్పందం చూసుకోవడానికి ఢిల్లీ నుంచి వచ్చిన సెక్యూరిటీ ఆఫీసర్.

ఆయన ఇవాళ సాయంత్రం ఐదింటికి సింధును తీసుకుపోతాడు. దేశ రహస్యాల కేసులో ఢిల్లీ వెళ్ళిన మనిషికి బెయిలు ఉండదు, చూడటానికి వెళ్ళే దారీ ఉండదు. ఎన్నేళ్ళకు తిరిగి వస్తుందో చెప్పేవాడుండడు. ఆ సంగతి తెలిసే ఆమె తండ్రి జోగారావు వనస్థలిపురం నుంచి వచ్చి, గుమ్మంలోనే నాగేశ్వరికి దణ్ణం పెట్టి, బాల్కనీలో పిల్లి పిల్లల్ని మార్చినట్టు కుర్చీని అటూ ఇటూ మారుస్తున్నాడు.

"ఢిల్లీకి తీస్కపోతే ఏమైతదో ఎర్కేనా నీకు?"

"తెలుసండి."

"భయమైతలేదా?"

సింధు కాసేపు వెతుక్కుంది. "ఏమీ అనిపించడం లేదండి," అంది నిజాయితీగా.

ఆ జవాబు నాగేశ్వరికి బాగా తెలిసిన జవాబు. అది దొంగ మాట కాదు. కానీ బట్టలు మడతపెట్టానన్న మాటలో మాత్రం ఏదో తేడా ఉంది. మడతపెట్టి ఉంటుంది, కాదనలేం. ఎప్పుడన్నది ప్రశ్న.

* * *

వర్క్‌షాప్‌కు వేసిన సీలును ఒంటిగంటకు నాగేశ్వరే తీసింది. కంపెనీ యజమాని మురళీకృష్ణ గుమ్మంలో చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు. మనిషి నెమ్మది. క్లాసులో పాఠం చెప్పే ధోరణి. పక్కన ఉపేంద్ర. ఇస్త్రీ చెదరని చొక్కా, ఇస్త్రీ చెదరని ముఖం.

"మీరు లోపటికి వచ్చుడు ఇదే మొదలా సార్?" అడిగింది నాగేశ్వరి.

"సోమవారం పొద్దున ఫ్లైట్ దిగి వచ్చేసరికే మీరు సీలు వేసేశారుగా. ఫొటోల్లో చూడటమే," అన్నాడు ఉపేంద్ర.

బట్టలు మార్చుకునే గదిలో మురళీకృష్ణ వాళ్ళకు తెల్లటి తొడుగులు ఇచ్చాడు. తల నుంచి పాదాల దాకా ఒక్క వెంట్రుక బయటికి కనపడకూడదు. బొట్టు కూడా తుడిచేయాలట. బొట్టు పెట్టుకోవడం మానేసి చాలా నెలలైంది గనుక నాగేశ్వరికి ఆ శ్రమ లేకపోయింది. చేతి తొడుగు మీదికి అంగీ అంచు లాగి, మణికట్టు చుట్టూ పసుపు టేపు బిగించాడు మురళీకృష్ణ. ముందు ఆమెకు, తర్వాత ఉపేంద్రకు. టేపు కొసను ఊరికే కత్తిరించి వదిలేశాడు. తన చేతులకు నాగేశ్వరి చేత వేయించుకున్నాడు.

"గిదెందుకు?"

"మన ఒంటి మీద పొట్టు రాలుతూనే ఉంటుంది మేడమ్. కంటికి కనపడదు. ఒక్క రేణువు కెమెరా అద్దం మీద పడిందా, ఆకాశంలోకి వెళ్ళాక తుడిచేవాడు లేడు."

లోపల ఉపగ్రహం ముసుగేసుకుని నిలబడి ఉంది. పెళ్ళికూతురంత జాగ్రత్తగా చుట్టారు. మూలగా ప్రసన్నకుమార్ శవం దొరికిన నైట్రోజన్ గది. సున్నితమైన భాగాలకు తేమ తగలకుండా అందులో గాలి తీసేసి నైట్రోజన్ నింపుతారు. మనిషి వెళ్ళాలంటే ముందు వాల్వు కట్టేసి, మళ్ళీ మామూలు గాలి వదలాలి.

"విషమా?"

"కాదు మేడమ్. మనం పీల్చే గాలిలో ఎక్కువ భాగం అదే. కానీ ఒట్టి నైట్రోజన్ అయితే నాలుగు ఊపిర్లకు మనిషి పడిపోతాడు. ఊపిరాడటం లేదన్న సంగతి కూడా తెలీదు. బాధ ఉండదు."

నాగేశ్వరి ఆ మాట దగ్గర ఒక క్షణం ఆగింది. ఊపిరి పీలుస్తూనే ఉండటం, లోపలికి ఏదీ అందకపోవడం. దానికి ఒక గది అవసరమని ఆమెకు ఇంతవరకు తెలియదు.

"అలారం ఉండాలె కదా?"

"ఉంది. బ్యాటరీ తీసి ఉంది. అతనే తీసుంటాడు."

ఆమె నైట్రోజన్ గది తలుపు పిడి పట్టుకుని కిందికి నొక్కింది. కదల్లేదు. ఇంకోసారి బలంగా నొక్కింది. ఉపేంద్ర ఆమె భుజం పక్కనుంచి చెయ్యి చాచి పిడిని పైకి ఎత్తాడు. తలుపు తెరుచుకుంది.

"అదొక తలనొప్పి మేడమ్," అన్నాడు మురళీకృష్ణ. "వడ్రంగి పిడి తలకిందులుగా బిగించాడు. కొత్తవాళ్ళందరూ కిందికే నొక్కుతారు."

నాగేశ్వరి ఉపేంద్ర చెయ్యి వంక చూసింది. లోపల గోడల్ని, అరల్ని, తలుపుకు బయట ఉన్న గడియను చూసి, ఫోనులో క్లూస్ టీం తీసిన శవం ఫొటో తెరిచి మురళీకృష్ణ ముందు పెట్టింది.

"ఆదివారం ఎంతమంది లోపటికొచ్చిన్రు?"

"ఒక్కడే. ప్రసన్న కార్డు ఒక్కటే పడింది. మిషన్ అబద్ధం చెప్పదు."

"మరి రెండు చేతులకు టేపున్నది. ఒక చేతికి సరే. రెండో చేతికి ఎవ్వరికి వాళ్ళు ఎట్ల ఏసుకుంటరు?"

"వేసుకోలేరు మేడమ్. తొడుగుకే అంటుకుపోతుంది. అందుకేగా లోపలికి ఎప్పుడూ ఇద్దరిద్దరుగా..."

వాక్యం సగంలో తెగిపోయింది. మురళీకృష్ణ ముఖంలో ముసుగు బయట కనపడే ఆ కాస్త చోటూ తెల్లబోయింది. ఫొటోలో ప్రసన్నకుమార్ రెండు మణికట్లకూ టేపు నలగకుండా ఉంది. రెండు కొసలూ మడిచి ఉన్నాయి, కిళ్ళీ చుట్టినట్టు చక్కటి ముక్కోణంగా.

* * *

నడవాలోకి రాగానే ఉపేంద్ర టేపు పీకి పారేశాడు.

"మీ సరదా తీరిందా ఇన్‌స్పెక్టర్ గారూ? ఐదింటికి అమ్మాయిని అప్పగించండి."

"టేపు సంగతి తేలలే సార్."

"ఎందుకు తేలలేదు? ఇద్దరు వెళ్ళారు. రెండో మనిషి పెళ్ళాం. నా కేసు ఇంకా గట్టిపడింది. థాంక్స్."

"గట్లయితే అది హత్య అయితది. హత్య మా స్టేషన్ కేసు."

ఉపేంద్ర నవ్వాడు. "మీ కాగితాల్లో ఇది ఇంకా అనుమానాస్పద మృతి. ఆమెను మీరు ఏ కేసులోనూ అరెస్టు చెయ్యలేదు. కాబట్టి తీసుకెళ్ళడానికి నా ఉత్తర్వు చాలు. మీ కమిషనర్ గారు పొద్దున్నే సరే అన్నారు. మళ్ళీ ఫోన్ చేయించమంటారా?"

"వద్దు సార్. పెద్దోళ్ళను పరేషాన్ చేసుడెందుకు?"

"మీరు కొంచెం విశ్రాంతి తీసుకోండి. ఇంట్లో మొన్నే విషాదం జరిగిందని విన్నాను. మనసు సరిగ్గా లేనప్పుడు ప్రతిదీ హత్యలాగే కనిపిస్తుంది."

ఆ మాట గుచ్చుకోవలసింది. గుచ్చుకోలేదు. మొద్దుబారిన చోట సూది గుచ్చితే డాక్టర్‌కే తెలుస్తుంది, రోగికి తెలియదు. నాగేశ్వరి బట్టల గదిలోంచి పసుపు టేపు చుట్ట ఒకటి తీసి జేబులో వేసుకుంది.

"అదెందుకు?" అన్నాడు ఉపేంద్ర.

"ఊకనే సార్."

ఊకనే తీసుకునే పోలీసు ఇంకా పుట్టలేదని ఆయనకు తెలియక కాదు. కానీ ఆ మనిషి దృష్టిలో ఎల్బీనగర్ ఇన్‌స్పెక్టరంటే ట్రాఫిక్ చలానా స్థాయి. అది ఆయన అలవాటు, ఆమె అదృష్టం.

* * *

దిల్‌సుఖ్‌నగర్‌కు తిరిగి వచ్చేసరికి నాలుగు దాటింది. నాగేశ్వరి జోగారావును, లేడీ కానిస్టేబుల్ వర్షను బయటికి పంపి తలుపు వేసింది. జేబులోంచి టేపు తీసి టీపాయ్ మీద పెట్టి, తన రెండు చేతులూ సింధు ముందుకు చాచింది.

"వెయ్."

సింధు అర్థం కానట్టు చూసింది. తర్వాత ఆమె చేతులు వాటంతటవే కదిలాయి. నాగేశ్వరి చొక్కా చేతిని మణికట్టు దాకా లాగింది, టేపు ఒక చుట్టు తిప్పింది, పళ్ళతో కాకుండా గోరుతో తెంపింది. కొసను ఇటు మడిచి, అటు మడిచి, ముక్కోణం చేసి వదిలింది. రెండో చేతికీ అంతే.

"అందరు ఉత్తగ కత్తిరిస్తరు. నువ్వెందుకు మడుస్తవ్?"

"తీసేటప్పుడు కొస దొరక్క ఆయన విసుక్కుంటారండి. అందుకని..."

నాగేశ్వరి ఫోను తీసి ఫొటో చూపించింది. రెండు మణికట్లు, రెండు ముక్కోణాలు. సింధు వాటిని చూసింది. దాచిపెట్టిన పని పట్టుబడినట్టు కాక, ఎవరో తన పేరు పెట్టి పిలిచినట్టు చూసింది.

"చాటుంగ పోయిన్రు. ఎవ్వరికి తెల్వొద్దనుకున్నరు. మరి టేపెందుకు వేసినవ్?"

పూజగదిలోకి వెళ్ళేటప్పుడు చెప్పులెందుకు విప్పారని అడిగితే ఎలా చూస్తారో, అలా చూసింది సింధు. "వెయ్యకపోతే ఎలాగండీ? లెన్సు మీద పొట్టు పడిపోతుంది కదా."

దొంగతనానికి వెళ్ళినవాడు గుమ్మం దగ్గర కాళ్ళు కడుక్కోవడం నాగేశ్వరి తన ఉద్యోగంలో ఎప్పుడూ చూడలేదు. ఈ దంపతులు కడుక్కున్నారు.

"చెప్పు బిడ్డా," అంది. "ఇంక టైం లేదు."

సింధు చెప్పింది. అదే ఎక్కాల గొంతుతో చెప్పింది.

"ఉపగ్రహంలో ఫొటోల్ని కిందికి పంపే రేడియో బోర్డు ఒకటుంటుందండి. అది ఇక్కడే చెయ్యాలి, బయటి దేశపు చిప్పు ఒక్కటి కూడా ఉండకూడదని ఒప్పందం. గడువు దాటిపోతోందని మురళీకృష్ణ గారు పక్క దేశం బోర్డు తెప్పించి మన స్టిక్కరు అంటించారు. ఈయన పరీక్ష చేస్తుంటే, అది ఎవరూ అడక్కుండానే ఎవరికో సంకేతం పంపుతోంది. రూలు ప్రకారం అలాంటిది సెక్యూరిటీ ఆఫీసరుకే చెప్పాలి. ఈయన ఉపేంద్ర గారికి ఫోన్ చేసి చెప్పేశారు. ఆ బోర్డు స్వదేశీదే అని సంతకం పెట్టింది ఆయనేనని గుర్తొచ్చినా, ఆయన్నీ మోసం చేసుంటారు పాపం అన్నారు."

"ఆదివారం రమ్మన్నది ఎవరు?"

"ఉపేంద్ర గారే. కళ్ళారా చూస్తాను, ఒక్కడివే ఉండు, ఎవరికీ తెలియనివ్వకు అన్నారట. ఒక్కడూ ఎలా వెళతారు? టేపు వెయ్యాలి కదా. ఈయన కార్డు మీదే ఇద్దరం వెళ్ళాం. టేపు వేసి నేను బట్టల గదిలో బీరువాల వెనక ఉండిపోయాను. ఈయనే లోపల్నుంచి ఆయనకి తలుపు తీశారు. అద్దంలోంచి అంతా కనిపిస్తూనే ఉంది. బోర్డు తేవడానికి ఈయన నైట్రోజన్ గదిలోకి వెళ్ళారు. ఆయన బయట గడియ పెట్టారు. గోడ మీద వాల్వు తిప్పారు. వాచీ చూసుకుంటూ నిలబడ్డారు. తర్వాత మళ్ళీ మామూలు గాలి వదిలి, గడియ తీసి, బోర్డు తీసుకుని వెళ్ళిపోయారు."

"నువ్వు?"

"ఆయన వెళ్ళేదాకా కదల్లేకపోయానండి. నా కార్డు ఇంట్లో ఉండిపోయింది. లోపలి తలుపు తెరుచుకోలేదండి. అద్దం బాదాను. అది పగిలే అద్దం కాదు. బయటికొచ్చి మురళీకృష్ణ గారికి ఫోన్ చేశాను. ఇంటికి వెళ్ళిపో, నోరెత్తకు, నేను చూసుకుంటాను అన్నారు. ఇంటికొచ్చాను. ఏం చెయ్యాలో తెలీలేదు. బట్టలు మడతపెట్టాను."

నాగేశ్వరి ముందుకు వంగింది. "నాకెందుకు చెప్పలే? సోమవారం అడిగిన, ఇయ్యాల పొద్దున అడిగిన."

"రెండుసార్లూ మీరు ఉపేంద్ర గారు పంపిస్తే వచ్చామన్నారు కదండీ."

ఉపేంద్ర అన్న మాటకు గుచ్చుకోనిది ఈ మాటకు గుచ్చుకుంది. చాలా నెలల తర్వాత నాగేశ్వరికి నొప్పి తెలిసింది. సిగ్గు కూడా తెలిసింది. ఆ రెండూ ఆమెకు పనికొచ్చాయి, ఎందుకంటే అప్పటిదాకా చూసి ఊరుకున్న ముక్కలన్నీ ఒక్కసారి వరసలో నిలబడ్డాయి. సింధు ఫోన్ చేసిన సంగతి మురళీకృష్ణ ఉపేంద్రకు చెప్పే ఉంటాడు. సోమవారం మధ్యాహ్నానికే లాప్‌టాప్ కథ అందుకే పుట్టింది. ఐదింటికి ఆయన తీసుకుపోయేది ముద్దాయిని కాదు, తాను చేసిన హత్యకు ఉన్న ఒక్కగానొక్క సాక్షిని. ఆ ప్రయాణం ఢిల్లీ దాకా సాగకపోవచ్చు.

తలుపు మీద చప్పుడైంది. "మేడం, ఢిల్లీ సార్ బండి కిందికొచ్చింది," అన్నాడు జానయ్య.

కమిషనర్‌కు చెబుదామంటే ఆయన పొద్దున్నే సరే అన్నాడు. తలకిందుల పిడిని ఉపేంద్ర తడుముకోకుండా పైకి ఎత్తడం ఒకటీ, మొగుడు పోయిన పిల్ల మాట ఒకటీ తప్ప చేతిలో ఏమీ లేవు. ఉత్తర్వు మాత్రం ఉపేంద్ర చేతిలో ఉంది. ఏ కేసులోనూ అరెస్టు కాని మనిషిని తీసుకెళ్ళడానికి ఆ కాగితం చాలని ఆయనే చెప్పాడు. నాగేశ్వరి తన చేతుల మీది టేపు పీకేసి, పంటి బిగువున తలుపు తీసింది.

"వర్షా, ఇటు రా. ఆడమనిషి కేసు, పొద్దు గూకకముందే అయిపోవాలె. రాస్కో."

ఉపేంద్ర మెట్లెక్కి వచ్చేసరికి ఇరుగుపొరుగంతా గుమ్మాల్లో ఉన్నారు. నాగేశ్వరి వాళ్ళందరికీ వినపడేలా చెప్పింది.

"ప్రసన్నకుమార్ హత్య కేసుల, ఆయన భార్య సింధును అరెస్టు చేస్తున్న."

ఎదురింటావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆమె కళ్ళలో మాత్రం, నేను ముందే చెప్పలేదూ అన్న తృప్తి. జోగారావు గోడకు జారగిలబడ్డాడు. అక్కణ్ణుంచే అరిచాడు.

"సాయం చేస్తారని చేతులెత్తి దణ్ణం పెట్టానమ్మా మీకు! మీరసలు మనిషేనా?"

ఆమె ఆయన వైపు చూడలేదు. చూస్తే ముఖం మారుతుంది. మారిన ముఖాన్ని ఉపేంద్ర చూస్తాడు.

"ఇదేమిటి ఇన్‌స్పెక్టర్ గారూ? ఈమె నా కస్టడీ," అన్నాడు ఆయన కాగితం చూపిస్తూ.

"హత్య కేసు సార్. రేపు పొద్దున జడ్జి ముందల పెడ్త. గా జడ్జినే అడిగి తీస్కపోండ్రి."

"ఒప్పుకుందా?"

"ఏం ఒప్పుకోలే. నోరే ఇప్పుతలేదు. టేపు ఒప్పుకున్నది."

ఉపేంద్ర సింధు ముఖంలోకి చాలాసేపు చూశాడు. ఆ ముఖంలో ఎప్పటిలాగే ఏమీ లేదు. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"మంచిది. స్టేషన్ దాకా నేనూ వస్తాను. ఈ రాత్రికి మీ లాకప్ దగ్గరే మా మనిషిని ఒకణ్ణి కూర్చోబెడతాను. మీకు అభ్యంతరం లేదుగా?"

"మాకేం అభ్యంతరం సార్."

జీపులో నాగేశ్వరి సింధును తన పక్కనే, కిటికీకి దూరంగా కూర్చోబెట్టుకుంది. జానయ్య నడుపుతున్నాడు. చైతన్యపురి దాటినా వెనక ఉపేంద్ర కారు ఒక్క బండిని కూడా మధ్యలోకి రానివ్వడం లేదు.

"రేపు జడ్జిగారి ముందు నేనేం చెప్పాలండి?" అంది సింధు మెల్లగా.

"నాకు చెప్పింది చెప్పు. మొత్తం చెప్పు. ఒక్క ముక్క ఇడువకు."

"అప్పటిదాకా?"

నాగేశ్వరి ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది. మంచుగడ్డలా ఉంది.

"అప్పటిదాకా నీ మొగుణ్ని నువ్వే సంపినవ్ బిడ్డా. ఎవ్వరడిగినా గంతే. నా చేతికెళ్ళి తప్ప ఎవ్వరిచ్చినా మంచినీళ్ళు గూడ తాగకు."

సింధు తల ఊపింది. ఆ మాటను ఒకసారి పెదవులతో పలికి చూసుకుంది, మర్చిపోకూడని పాఠంలా. నువ్వే చంపావు. రెండోసారి పలకబోయి పలకలేకపోయింది. ఎక్కడో చాలా లోతునుంచి ఒక కేక వచ్చింది. ప్రసన్నా అంటూ ముందుకు కూలబడి, రెండు చేతులతో నెత్తి బాదుకుంటూ ఏడవసాగింది. వెనక కారులోవాళ్ళకు కూడా ఆ ఏడుపు కనిపిస్తుంది. నాగేశ్వరి ఆమెను ఆపలేదు.